ఇంటి గాజు తొట్టెలో చేపల ఆరోగ్యము

చేపల పెంపకము మన రైతులకు క్రొత్త కాదు. చెరువులో బొచ్చె, రాగండి పెంచి లాభము పొందినవారు ఎందరో కలరు. అయినను చెరువు చేపలను చక్కగా పెంచిన రైతే పిల్లల ముచ్చట కొరకు ఇంట గాజు తొట్టె పెట్టినప్పుడు, అందలి చేపలు పది దినములు తిరుగకముందే ఒక్కొక్కటిగా చనిపోవుట చూచుచున్నాము. అంగడివాడు జబ్బు చేపలు ఇచ్చెననియో, మన చేతివాసి మంచిది కాదనియో అనుకొందుము. మరల క్రొత్తవి తెత్తుము. అవియు పోవును. నిజమునకు చాలసార్లు లోపము చేపలో లేదు, నీటిలో ఉన్నది. నీటిని కాపాడుట నేర్చినవానికి చేపలను కాపాడుట కష్టము కాదు.

తొట్టె, నీరు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టె క్రొత్తవారికి తగినది. అడుగున కంకర పరచి, అంచునకు రెండంగుళములు తక్కువగా నింపినచో సుమారు 40 లీటర్ల నీరు పట్టును. మొత్తము బరువు 60 కిలోలకు దగ్గరగా ఉండును గనుక గట్టి బల్లపై, నేరుగా ఎండ పడని చోట ఉంచవలెను. గుండ్రని చిన్న గాజు గిన్నెలు చూపునకు అందముగా ఉన్నను చేపలకు మంచివి కావు. వానిలో నీరు కొద్ది, గాలి తగులు పైభాగము ఇరుకు.

కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను కాల్చును. ఆ నీటిని వెడల్పు పాత్రలో ఒక పగలు, ఒక రాత్రి ఉంచిన పిదప వాడవలెను. లేదా అంగడిలో దొరకు క్లోరిన్ విరుగుడు మందు కలుపవలెను. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉండును గనుక దానిని ఒక రాత్రి గాలి పంపుతో కలియబెట్టి వాడుట మేలు.

మబ్బు పట్టిన దినములలో తెల్లవారుజామున చెరువు చేపలు పైకి తేలి నోరు తెరచుట మీరు చూచియే ఉందురు. తొట్టెలోను అదే జరుగును. 20 డిగ్రీల వేడి గల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలుచును. 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములే నిలుచును. అందుచే వేసవిలో గాలి పంపును రాత్రియు ఆపరాదు.

కంటికి కనిపించని పనివారు

ఇది ఈ పాఠములో ముఖ్యమైన భాగము. చేపల మొప్పల నుండి, పెంట నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. పొలములో యూరియా వేసినప్పుడు అది మొదట అమ్మోనియాగా మారుననియు, నేలలోని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చుననియు మీరు వినియున్నారు. ఆ జాతి సూక్ష్మజీవులే తొట్టెలోను పని చేయవలెను. ఇవి ఫిల్టరులోని స్పాంజి మీద, కంకర మీద కాపురముండును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు మాత్రము కొద్దిగా ఉన్నను అపాయము లేదు, అది నీటి మొక్కలకు ఎరువు.

క్రొత్త తొట్టెలో ఈ పనివారు ఉండరు. వారు తగినంత పెరుగుటకు 3 నుండి 6 వారములు పట్టును. మనము మొదటి దినముననే డజను చేపలు వేసి, ముద్దుగా మూడుపూటల మేత వేయుదుము. నీరు అద్దమువలె తేటగా ఉండును గాని అందు విషము నిండును. పది దినములలో చేపలు చనిపోవుటకు కారణమిదియే.

కావున మొదట గప్పీలవంటి చిన్న చేపలను మూడో నాలుగో వేయవలెను. మేత చిటికెడు మాత్రమే వేయవలెను. మొదటి నెలలో రెండు దినములకొకమారు పాతిక వంతు నీరు మార్చవలెను. అమ్మోనియా, నైట్రైటులను చూచు పరీక్ష మందులు అక్వేరియం అంగళ్లలో దొరకును. రెండును సున్నాకు దిగి, అట్లే నిలిచిన పిమ్మట వారమునకు రెండు మూడు చొప్పున చేపలను పెంచుకొనవచ్చును. 40 లీటర్లకు పది పన్నెండు చిన్న చేపలు చాలును. బంగారు చేపలు పెద్దవై, ఎక్కువ మురికి చేయును గనుక వానికి ఇంతకంటె పెద్ద తొట్టె కావలెను.

పాలకు తోడు వేసినట్లు, ఆరోగ్యమైన పాత తొట్టెలోని స్పాంజి ముక్కను తెచ్చి మన ఫిల్టరులో పెట్టినచో పని త్వరపడును.

వారము వారము చేయవలసిన పని

మేత దినమునకు రెండుమారులు, రెండు మూడు నిమిషములలో తిని ముగించునంత వేయవలెను. వారమునకొకసారి సన్నని గొట్టముతో అడుగు మురికిని లాగి, పాతిక వంతు నీటిని తీసి, అదే వేడి గల మంచి నీరు పోయవలెను. తీసిన నీరు కూరపాదులకు మంచిది. స్పాంజిని కుళాయి క్రింద కడుగరాదు. కడిగినచో నెల దినములుగా పెరిగిన సూక్ష్మజీవులు నశించును. తొట్టె నుండి తీసిన నీటిలోనే పిండి మరల పెట్టవలెను.

ఉప్పు కలిసిన నీటి చేపలు

పులికాట్ సరస్సులోను, ఏరులు సముద్రమున కలియు మొగల్లోను నీరు మంచినీటికి, సముద్రపు నీటికి నడుమ ఉండును. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండును. స్కాట్ చేప, నారింజ రంగు క్రోమైడ్ చేప ఇట్టి నీటిలో పెరుగును. మాలీ చేప మంచినీటిలో బ్రతికినను కొద్ది ఉప్పులో ఇంకను చురుకుగా ఉండును. స్కాట్ అడుగు పొడవు వరకు పెరుగును గనుక చిన్న తొట్టెకు తగదు.

ఈ చేపలకు వంట ఉప్పు చాలదు. అంగడిలో దొరకు సముద్రపు లవణముల మిశ్రమము లీటరుకు 10 గ్రాములు, అనగా 40 లీటర్లకు 400 గ్రాములు, కలుపవచ్చును. దానిని విడి పాత్రలో కరిగించి, కొన్ని వారములలో కొద్ది కొద్దిగా చేర్చవలెను. ఒక్కసారి పోసిన చేపలు, సూక్ష్మజీవులు రెండును దెబ్బతినును. ఇంకొక మాట. చౌడు నేలలో నీరు ఎండి ఉప్పు పైన మిగులునట్లు, తొట్టెలోను నీరు ఆవిరియై ఉప్పు మిగిలిపోవును. ఆవిరియైన కొలతకు మంచినీరే పోయవలెను. నీరు మార్చునప్పుడు మాత్రము ఉప్పు కలిపిన నీరు పోయవలెను.

జబ్బులు

చేప ఒంటిపై రవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపించి, అది రాళ్లకు ఒళ్లు రాచుకొనుచున్నచో తెల్లమచ్చ జబ్బు అని గుర్తించవలెను. దీనికి కారణమైన పరాన్నజీవి చేప చర్మము క్రింద ఉన్నంతకాలము మందు తగులదు. అది రాలి, అడుగున వందలాది పిల్లలై, మరల చేపను వెదకునప్పుడే చచ్చును. కాబట్టి చుక్కలు పోగానే చికిత్స ఆపరాదు. గప్పీ, మాలీలకు కల్లుప్పు లీటరుకు 2 నుండి 3 గ్రాములు, ఒకటిన్నర దినములో మూడు భాగములుగా కలిపి, రెండు వారములుంచి, గాలి పంపును బాగుగా నడుపవలెను. మొక్కలు, పొలుసులు లేని చేపలు ఈ ఉప్పును ఓర్చవు గనుక వానిని వేరు చేయవలెను.

తోక, రెక్కలు చివికిన యెడల ముందు నీటిని పరీక్షించి మార్చవలెను. చేపల చెరువు కొరకు తెచ్చిన యాంటిబయోటిక్ మందులను తొట్టెలో వేయరాదు. అవి మన సూక్ష్మజీవులను కూడ చంపును. క్రొత్త చేపలను మూడు వారములు వేరు పాత్రలో ఉంచి చూచిన పిదపనే కలుపవలెను. కాలువలో పట్టిన చేపలతో చేప పేను రాగలదు.

రైతు ఇంట ప్రత్యేక జాగ్రత్త

సైపర్‌మెత్రిన్ వంటి పురుగుమందులు చేపలకు మిక్కిలి విషము. మందు కొట్టి వచ్చినవారు సబ్బుతో స్నానము చేయక తొట్టెలో చేయి పెట్టరాదు. మందు సీసాలు, స్ప్రేయరు తొట్టె ఉన్న గదిలో ఉంచరాదు. దోమల మందు చల్లిన గదిలోని గాలిని పంపు నీటిలోనికి లాగును, మరువకుడు.

చివరగా, విసుగుపుట్టినను, చేప పెద్దదైనను దానిని చెరువులో, కాలువలో వదలరాదు. జాలరులు దెయ్యపు చేప అనునది అక్వేరియముల నుండి వచ్చినదే. అది నేడు మన చెరువులలో, నదులలో వ్యాపించి వలలను చింపుచున్నది, గట్లకు బొరియలు చేయుచున్నది. అక్కరలేని చేపను మరొక పెంపకందారునకు గాని, అంగడివానికి గాని ఇవ్వవలెను.

తొట్టెను కొన్న దినముననే చేపలను కొనకుడు. ముందు నీటిని సిద్ధము చేయుడు. నారుమడి దున్నక విత్తు చల్లని రైతుకు ఈ ఓపికను వేరుగా నేర్పనక్కరలేదు.