పడటం లేదా, జారుతోందా, కర్రుమంటోందా?

కారుకి ఏమైందని అడిగితే మన దగ్గర ఎక్కువగా వచ్చే జవాబు "క్లచ్ పోయింది". గేర్ పడకపోయినా అదే మాట, ఫ్లైఓవర్ ఎక్కలేకపోయినా అదే మాట, గేర్ మార్చేటప్పుడు కర్రుమన్నా అదే మాట. షెడ్డుకి వెళ్లి ఈ ముక్క చెప్తే మెకానిక్ వైపు నుంచి కూడా ఒకటే మాట వస్తుంది: గేర్ బాక్స్ దింపాలి, సెట్ మొత్తం మార్చాలి. కొన్నిసార్లు అది నిజంగానే అవసరం. కొన్నిసార్లు మాత్రం తప్పంతా పెడల్ కిందికి జరిగిన రబ్బర్ మ్యాట్‌ది. ఆ రెండింటి మధ్య బిల్లులో తేడా వేలల్లో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న ఇంటికి అది చిన్న సంగతి కాదు.

నిజానికి మన డ్రైవర్ల భాషలో ఇంతకంటే మంచి క్రియలున్నాయి. గేర్ పడటం లేదు, క్లచ్ జారుతోంది, కర్రుమంటోంది, బండి వణుకుతోంది, గేర్ ఊడి వస్తోంది. ఈ ఐదూ ఐదు వేర్వేరు జబ్బులు. సరైన క్రియ పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. తెలుగు క్లబ్ పత్రికలో గేర్ బాక్స్ గురించి రాయడానికి నాకు దొరికిన సాకు కూడా ఇదే అనుకోండి.

పరీక్షల్లో మనం గీసే సింగిల్ ప్లేట్ క్లచ్ బొమ్మ ఒకసారి గుర్తు చేసుకోండి. ఫ్లైవీల్ ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది. దానికీ ప్రెజర్ ప్లేట్‌కీ మధ్య క్లచ్ ప్లేట్ ఇరుక్కుని ఉంటుంది. ఆ ప్లేట్ గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మీద, స్ప్లైన్లలో కూర్చుంటుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వెళ్లి డయాఫ్రమ్ స్ప్రింగ్‌ని నొక్కుతుంది, ప్రెజర్ ప్లేట్ వెనక్కి తగ్గుతుంది, క్లచ్ ప్లేట్ వదులవుతుంది. అంటే క్లచ్ రెండు రకాలుగా పాడవ్వొచ్చు. పట్టాల్సినప్పుడు పట్టకపోవడం ఒకటి, వదలాల్సినప్పుడు వదలకపోవడం రెండోది. ఒకటి ఇంకోదానికి పూర్తిగా వ్యతిరేకం. రెండింటినీ "పోయింది" అంటే ఎలా?

ముందు గేర్ పడకపోవడం చూద్దాం, ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత స్టార్ట్ చేసి, బండి నిలబడి ఉండగానే మళ్లీ వేయండి. ఆపినప్పుడు వెన్నలా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే క్లచ్ పూర్తిగా వదలడం లేదని అర్థం. ఆపినా గట్టిగానే ఉంటే క్లచ్‌ని అనుమానించే ముందు గేర్ రాడ్ నుంచి బాక్స్ వరకు వెళ్లే కేబుళ్లు, వాటి చివర బుష్‌లు చూడాలి. బుష్ అరిగితే గేర్ రాడ్ న్యూట్రల్‌లో కూడా లొడలొడలాడుతుంది. బాక్స్ దింపకుండానే అయ్యే పని ఇది.

ఇంకా ఖాయం చేసుకోవాలంటే రివర్స్ గేర్ పనికొస్తుంది. చాలా కార్లలో రివర్స్‌కి సింక్రోనైజర్ ఉండదు, కాబట్టి అది దేన్నీ దాచిపెట్టదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి, అప్పుడు వేయండి. వెంటనే వేస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంకా తిరుగుతూ ఉంటుంది, కర్రుమనడం సహజం. ఆగాక కూడా అరిస్తే, ఆ షాఫ్ట్‌ని ఇంజిన్ ఇంకా లాగుతూనే ఉంది.

అలా తేలినా సరే, వెంటనే బాక్స్ దింపక్కర్లేదు. మ్యాట్ తీసి పెడల్ నేలదాకా వెళ్తోందో లేదో చూడండి. కేబుల్ క్లచ్ అయితే అడ్జస్ట్‌మెంట్ చూపించుకోండి. హైడ్రాలిక్ అయితే పెడల్‌ని నాలుగైదు సార్లు పంప్ చేయండి. అప్పుడు గేర్ పడితే లైన్లో గాలి చేరిందనో, సిలిండర్ లీక్ అవుతోందనో అనుకోవచ్చు. చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేక్‌కీ ఫ్లూయిడ్ డబ్బా ఒకటే, కాబట్టి మట్టం తగ్గితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇవన్నీ బాగుంటే అప్పుడు వంగిన ప్లేటు, తుప్పు పట్టిన స్ప్లైన్లు. వాటికి మాత్రం దింపక తప్పదు.

జారడం గుర్తుపట్టడం తేలిక. ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్లో యాభై దగ్గర యాక్సిలరేటర్ బాగా తొక్కండి. ఇంజిన్ గొంతు పెరిగి, స్పీడ్ పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. మొదట టాప్ గేర్లోనే ఎందుకు బయటపడుతుందంటే, ఫస్ట్‌లో బండి తేలిగ్గా కదిలిపోతుంది, టాప్‌లో ఇంజిన్ టార్క్ మొత్తానికి ఎదురు లోడ్ ఉంటుంది. క్లచ్ మోయగల టార్క్ µ మీదా, స్ప్రింగ్ బలం మీదా ఆధారపడుతుందని డిజైన్ పేపర్లో రాసిందే కదా. ప్లేట్ అరిగితే ఆ నొక్కుడు తగ్గుతుంది. ఆయిల్ అంటితే µ పడిపోతుంది. ఇక్కడ జాగ్రత్త: క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ కారి ప్లేట్ పాడైతే, సీల్ మార్చకుండా కొత్త ప్లేట్ వేయడం దండగ, అదీ తడుస్తుంది. అందుకే మార్చిన పాత ప్లేట్ చూపించమని తప్పకుండా అడగండి. రివెట్ల దాకా అరిగిందా, నూనె జిడ్డు ఉందా అన్నది కంటితోనే తెలుస్తుంది.

ఒక్క గేర్‌లోనే, అదీ బండి నడుస్తున్నప్పుడు కర్రుమంటోందా? అయితే క్లచ్‌ని వదిలేయండి, ఎందుకంటే క్లచ్ తప్పైతే అన్ని గేర్లకీ తగులుతుంది. ఇది సింక్రోనైజర్ రింగ్ అరుగుదల, ఎక్కువగా సెకండ్ గేర్లో. చిన్న లెక్క చూడండి. ఫస్ట్ నిష్పత్తి 3.5, సెకండ్ 1.9 అనుకుందాం. 3000 ఆర్పీఎం దగ్గర ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారితే క్లచ్ ప్లేటూ ఇన్‌పుట్ షాఫ్టూ దాదాపు 1630కి దిగాలి. అదే ఫోర్త్ 0.97, ఫిఫ్త్ 0.76 అయితే 2350కి దిగితే చాలు. ఆ 1370 ఆర్పీఎం తేడాని రోజుకి వందలసార్లు సరిచేసేది ఆ చిన్న రింగే. 1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చేదాకా ఈ పని డ్రైవరే డబుల్ క్లచ్‌తో చేసుకునేవాడు. మనకిప్పుడు అదే పరీక్ష: క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, ఒకసారి వదిలి, మళ్లీ తొక్కి సెకండ్ వేయండి. కిందికి దించేటప్పుడైతే మధ్యలో కొంచెం రేస్ ఇవ్వాలి. చప్పుడు లేకుండా పడితే రింగే దోషి.

గేర్ ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంటే అది బాక్స్ లోపల డిటెంట్ స్ప్రింగో, అరిగిన డాగ్ పళ్లో కావచ్చు. కానీ ఇంజిన్ మౌంట్ విరిగినా అలాగే ఊడుతుంది, కాబట్టి ముందు మౌంట్ చూడమనండి. క్లచ్ వదిలేటప్పుడు బండి వణికినా అదే వరస: ముందు మౌంట్లు, తర్వాతే ప్లేటు.

మిగిలింది చప్పుడు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి, చెవి పెట్టి వినండి. పెడల్ తొక్కితే మొదలయ్యే గీర శబ్దం రిలీజ్ బేరింగ్‌ది. పెడల్ మీంచి కాలు తీస్తే వచ్చి, తొక్కితే ఆగిపోయేది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. రెండోదైతే క్లచ్ సెట్ ఎన్నిసార్లు మార్చినా ఆ శబ్దం పోదు. ఈ సంగతి బండి షెడ్డులో వదిలేముందే మెకానిక్‌కి చెప్పండి, బాక్స్ ఎలాగూ దింపుతాడు కాబట్టి ఆ బేరింగ్ కూడా అదే చేత్తో చూస్తాడు.