వణుకు ఎక్కడిది? – ఒక చిన్న లెక్క

హోసూరు నుంచి బెంగళూరు వెళ్తుంటే గంటకు 80 కి.మీ. వేగంలో మా ఎలక్ట్రిక్ కారు స్టీరింగు వణికేది. చక్రాలకు రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు. మోటారు మార్చాలన్నారు. ఖర్చు విని బెంబేలెత్తి, కాగితం తీసుకున్నాను.

80 కి.మీ. వేగమంటే సెకనుకు సుమారు 22 మీటర్లు. టైరు చుట్టుకొలత 2 మీటర్లు. కనుక చక్రం సెకనుకు 11 చుట్లు, మోటారు దానికి 9 రెట్లు, అంటే 99 చుట్లు తిరుగుతాయి. ఫోనులోని యాప్ సెకనుకు 11 కంపనాలు చూపింది. అంటే, అనుమానం చక్రాల వైపే!

ముందు చక్రాలను వెనక్కి మార్పించాను. స్టీరింగు వణుకు ఆగి, సీటు కింద మొదలైంది. విప్పి చూస్తే ఒక టైరు లోపలి వైపు ఉబ్బి ఉంది. దారిలో పేలితే పిల్లలతో సహా ప్రమాదమే.

ఒకసారికి ఒకే మార్పు చేసి, ఫలితం రాసుకోండి. బడిలో నేర్చిన భాగహారమే ఆ రోజు మమ్మల్ని కాపాడింది.