సిద్ధపాటు చాలనప్పుడు పరుగెత్తవచ్చునా?



రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలంలోని మోకిల చుట్టుప్రక్కల ఒకప్పుడు తెల్లవారుజామున కూరగాయల బండ్లు, పాల క్యాన్లు మాత్రమే కనిపించేవి. ఇప్పుడు బూట్లు కట్టుకుని పరుగెత్తేవారు కూడ కనిపిస్తున్నారు. హైదరాబాదులో ప్రతి సంవత్సరం ఆగస్టులో జరిగే మారథాన్ తారు రోడ్డు మీద పరుగు. మట్టి బాటల్లో, రాళ్ళలో, పొలం గట్ల వెంబడి పరుగెత్తేదానిని ట్రైల్ రన్ అంటారు.

ఒక సంవత్సరం మా నర్సింగ్ క్వార్టర్స్ నుండి నలుగురము ఇలాంటి 10 కిలోమీటర్ల పరుగుకు పేర్లు ఇచ్చాము. రోగులకు రోజూ నడవమని చెప్పే మేమే నడవడం లేదని సిగ్గుపడి ఇచ్చిన పేర్లు అవి. మూడు నెలలు అభ్యాసం చేద్దామనుకున్నాము. ఇంతలో వర్షాలు వచ్చాయి, వార్డులు జ్వరాలతో నిండాయి, డబుల్ డ్యూటీలు పడ్డాయి. చివరకు సరిగ్గా చేసిన అభ్యాసం ఐదు వారాలే. పరుగు ముందు వారం నలుగురికీ ఒకటే భయం: "మనం సిద్ధంగా లేము."

గోపురము కట్టాలనుకొనేవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని మన ప్రభువు చెప్పిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్నది. భయపడి మానుకోవడం లెక్క కాదు. మొండిగా దూకడం కూడ లెక్క కాదు. మేము కాగితము తీసుకుని కూర్చున్నాము.

మొదటి లెక్క: ధైర్యము చాలలేదా, దేహము చాలలేదా?

ఈ రెండూ వేరు. గత నెలలో ఆరేడు కిలోమీటర్లు ఒకేసారి నడక, పరుగు కలిపి వెళ్ళి, మరునాడు మామూలుగా డ్యూటీ చేయగలిగితే, 10 కిలోమీటర్లు నెమ్మదిగా పూర్తి చేయడానికి దేహము చాలా వరకు సిద్ధమే. చాలనిది ధైర్యము. ఆ దూరములో సగము కూడ వెళ్ళనివారు తక్కువ దూరానికి మార్చుకోవడం మేలు.

తప్పిన అభ్యాసాన్ని చివరి వారంలో పూడ్చలేము. కండరాలు, కీళ్ళు బలపడడానికి వారాలు పడుతుంది. చివరి వారంలో గట్టిగా పరుగెత్తితే వచ్చేది అలసటే. ఆ వారం తేలికగా నడవండి, బాగా నిద్రపోండి.

రెండవ లెక్క: పరుగెత్తకూడనివారు ఎవరు?

మాలో చిన్నదైన స్టాఫ్ నర్సుకు నాలుగు రోజుల ముందు జ్వరం వచ్చింది. "తగ్గిపోయింది కదా మేడమ్, ఒక మాత్ర వేసుకుని వస్తాను" అన్నది. అందరికంటే బాగా అభ్యాసం చేసినది ఆమే. అయినా "వద్దమ్మా" అన్నాము. వైరస్ జ్వరములలో కొందరికి గుండె కండరము కూడ వాస్తుంది. ఆ స్థితిలో గట్టి శ్రమ గుండె లయను తప్పించవచ్చును. మాత్ర జ్వరాన్ని కప్పుతుంది గాని గుండెను కాపాడదు. ఆమె ముఖం చిన్నబోయింది. రెండు రోజులు మాతో ముభావంగానే ఉన్నది.

జ్వరము, విరేచనాలు, శ్రమపడినప్పుడు ఛాతీలో నొప్పి లేక బరువు, కళ్ళు తిరిగి పడిపోవడం, ఇంటిలో చిన్న వయసులోనే గుండెపోటుతో పోయినవారు ఉండడం: వీటిలో ఏది ఉన్నా వైద్యుని అడగకుండా పరుగుకు వెళ్ళవద్దు. ఇన్సులిన్ గాని గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడే షుగరు రోగులకు పరుగులో చక్కెర పడిపోవచ్చును. ముందు పరీక్ష చేసుకుని, జేబులో గ్లూకోజ్ పెట్టుకోవాలి. బి.పి.కి మూత్రము ఎక్కువ పోయే మాత్రలు వాడేవారిలో నీరు, లవణాలు త్వరగా తగ్గుతాయి.

అయితే అతిగా భయపడనవసరం లేదు. అమెరికాలో 2000 నుండి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్ పరుగులలో పాల్గొన్న సుమారు 1 కోటి 9 లక్షల మందిలో 59 మందికి గుండె ఆగినట్లు 2012లో ప్రచురించిన అధ్యయనము చెప్పినది. అంటే సుమారు 1,84,000 మందికి ఒకరు.

మూడవ లెక్క: నీరు, మాత్రలు, వాతావరణము

నీరు తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువైనా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తము పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం తగ్గియున్నది. దారిలో అతిగా త్రాగి బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువ. దాహము వేసినప్పుడు త్రాగండి, గుటకలుగా త్రాగండి. ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీటిలోనే కలపాలి.

నొప్పి రాకుండా ముందే ఇబుప్రొఫెన్ మ్రింగే అలవాటు మానుకోండి. 80 కిలోమీటర్ల పరుగులో చేసి 2017లో ప్రచురించిన పరిశీలనలో, ఆ మాత్ర వేసుకున్నవారిలో సగము మందికి పైగా మూత్రపిండాలకు తాత్కాలిక దెబ్బ కనిపించినది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది మూడింట ఒక వంతు మాత్రమే.

బాగా సిద్ధపడినవారు కూడ వాతావరణాన్ని లెక్కచేయకపోతే నష్టపోతారు. 2021 మే నెలలో చైనాలోని గాన్సు రాష్ట్రములో 100 కిలోమీటర్ల కొండ పరుగులో 172 మంది పాల్గొనగా, అకస్మాత్తుగా వచ్చిన చలిగాలి, వానకు 21 మంది చనిపోయారు. వారిలో పేరుపొందిన క్రీడాకారులు కూడ ఉన్నారు. మన ప్రాంతములో చలికంటే ఎండ, ఉక్క ప్రమాదము. పరుగెత్తేవారు తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడితే, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, వెంటనే ఒళ్ళంతా చల్లని నీటితో తడుపుతూ, విసురుతూ ఉండండి. వీలైతే నీటి తొట్టిలో మెడ వరకు కూర్చోబెట్టండి. 108కి ఫోన్ చేయండి, బండి వచ్చే వరకు చల్లబరచడం ఆపవద్దు.

ఆ ఉదయము

పరుగు ఆదివారము. ఆరాధన సమయానికి తిరిగి రావచ్చునని చూసుకునే ఒప్పుకున్నాము. ఆరు గంటలకు ముగ్గురము బయలుదేరాము. గుంపు వేగం చూసి మేమూ మొదటి కిలోమీటరు గబగబా పరుగెత్తాము. అదే మా తప్పు. ఏబది దాటిన మాకు రెండవ కిలోమీటరుకే మాట రాలేదు. ప్రక్కవారితో ఒక పూర్తి వాక్యము మాట్లాడగలిగేదే మన వేగము. అది గుర్తు చేసుకుని నడకలోనికి దిగాము. ఎత్తు వస్తే నడక, సమానముగా ఉంటే పరుగు, రాళ్ళు వస్తే మరల నడక. వాన తడి ఆరని నల్లరేగడి బూట్లకు అంటుకుని కాళ్ళు బరువెక్కాయి. సర్కారు తుమ్మ ముళ్ళను చూసుకుంటూ అడుగు వేయవలసి వచ్చినది.

ఆరవ కిలోమీటరు దగ్గర ఒక సిస్టర్‌కు మోకాలు నొప్పి మొదలై కుంటసాగింది. నడక తీరు మారేంత నొప్పి ఉంటే ఆగిపోవాలని ముందే ఒప్పందం చేసుకున్నాము గనుక వాదన లేకుండా నిర్వాహకుల బండి ఎక్కింది. మిగిలిన ఇద్దరము గంటా యాభై నిమిషాలకు చేరాము. మా వెనుక నలుగురైదుగురే ఉన్నారు. గీత దగ్గర నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడినది మేము వద్దన్న ఆ అమ్మాయే.

ఒకరు బయలుదేరలేదు, ఒకరు మధ్యలో ఆగారు, ఇద్దరము చివరలో వచ్చాము. ఆసుపత్రి కళ్ళతో చూస్తే నలుగురమూ సరిగానే చేశాము. మరునాడు నలుగురమూ డ్యూటీలో ఉన్నాము. ఆ అమ్మాయి మూడు వారాలు ఆగి, డాక్టరుగారికి చూపించుకుని, మరల నడకతో మొదలుపెట్టినది. ఇప్పుడు మా అందరికంటే ముందుంటుంది.

పూర్తిగా సిద్ధపడిన తరువాతే బయలుదేరుదామనుకుంటే మనలో చాలామందిమి గడప దాటము. అయితే ఆగవలసిన గుర్తు వచ్చినప్పుడు ఆగడం కూడ సిద్ధపాటులో భాగమే.

ఆలోచించి చర్చించండి

1. మీరు వాయిదా వేస్తున్న నడకకు అడ్డు దేహమా, ధైర్యమా?
2. మీ ఇంటిలో బి.పి., షుగరు మాత్రలు వాడేవారు వ్యాయామము గురించి వైద్యుని ఎప్పుడైనా అడిగారా?
3. "ఇక ఆగుదాం" అని మీకు చెప్పగలిగే తోటివారు ఎవరు?

ప్రభువు మీ దేహములకు ఆరోగ్యమును, మీ అడుగులకు వివేకమును దయచేయును గాక.