ముందు నీళ్లు, తర్వాతే కషాయం

వానలు మొదలై జూరాల ప్రాజెక్టుకు కొత్త నీళ్లొచ్చే రోజుల్లో పిల్లల కడుపులు చెడడం మామూలే. ధరూర్ పల్లెల్లో నానమ్మలు వెంటనే వామూ, శొంఠీ బయటికి తీస్తారు. తీయనివ్వండి. అల్లం వికారాన్ని తగ్గిస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి. చైనా సంప్రదాయ వైద్యులు కూడా వాంతులకు అల్లాన్నే నమ్ముకున్నారు. దాంతోపాటు వాళ్లు ‘బాన్‌షియా’ అనే దుంప వాడతారు. పచ్చిది విషం కాబట్టి అల్లంతోనో పటికతోనో శుద్ధి చేశాకే లోపలికి ఇస్తారు. చెట్టు మందే కదా, ఏం చేస్తుందిలే అన్న ధీమా వాళ్లకూ లేదన్నమాట.

మనకూ ఉండకూడదు. నాలుగేళ్ల పిల్లకు అరక్క కడుపు నొస్తే పలుచటి జీలకర్ర నీళ్లు రెండు చెంచాలు పట్టొచ్చు. చంటిబిడ్డకు మాత్రం ఆర్నెల్ల దాకా తల్లిపాలే. వస కొమ్ము అరగదీసి నాకిస్తే వాంతులు తగ్గకపోగా కొత్తగా పట్టుకోవచ్చు. ఏడాది లోపు తేనె వద్దు. ఆముదం పట్టమని అత్తమ్మ అంటే కొట్లాడకండి, మెల్లగా మాట దాటేయండి.

విరేచనాలకు అసలు మందు ఓఆర్ఎస్. ఆశా కార్యకర్త ఉచితంగానే ఇస్తుంది. లీటరు ప్యాకెట్ మొత్తం కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో ఇంత పొడి వేసి కలిపితే ఉప్పు లెక్క తప్పుతుంది, అది ప్రమాదం. కలిపిన నీళ్లు రోజు దాటితే పారబోయండి. బిడ్డ కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో మొదలుపెట్టండి, ఈసారి ఇంకా మెల్లగా, రెండు మూడు నిమిషాలకో చెంచా. గ్లాసెత్తి గటగటా తాగిస్తే అంతా బయటికే. ఓఆర్ఎస్‌తో పాటు జింకు మాత్ర కూడా ఇవ్వాలి, విరేచనాలు కట్టినా 14 రోజులూ వేయాలి. అన్నం తినే పిల్లలకు గంజి, మజ్జిగన్నం ఆపొద్దు.

షాపుల్లో ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని తియ్యటి పానీయాలు అమ్ముడుపోయేవి. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది. ఏం కొన్నా డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చదవండి.

కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకున్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకున్నా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా, విరేచనంలో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా కషాయం కాచుకుంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి గద్వాల ఆస్పత్రికి బయల్దేరండి. బిడ్డ మింగగలిగితే దారి పొడుగునా చెంచాతో పడుతూనే ఉండండి.