పెద్ద కారు కొనదలచిన చిరంజీవికి

మియాపూర్

చిరంజీవి రఘురామునకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.  

నీ ఉత్తరము చేరినది. గురుగ్రామములోని కొలువు నుండి హైటెక్ సిటీ కార్యాలయమునకు బదిలీపై వచ్చుచుంటివనియు, మన వీధి చివరనున్న అపార్ట్‌మెంటులోనే కాపురము పెట్టెదవనియు విని మీ పెద్దమ్మ మిక్కిలి సంతోషించినది. అయితే, బయలుదేరుటకు ముందే ఢిల్లీలో పదేండ్లకు చేరువైన ఒక జర్మను డీజిలు సెడానును కొత్త చిన్నకారు ఖరీదుకే కొని, ప్రతిదినమును దానిలోనే ఆఫీసునకు పోయి రావలెనని తలచితివని చదివినప్పుడు మాత్రము, వెంటనే బదులు వ్రాయుటకు నాకు చేయి సాగలేదు. వలదని శాసించుట నా అభిమతము కాదు. రామచంద్రపురము బీహెచ్ఈఎల్ కర్మాగారమున టర్బైన్ల నడుమ ఉద్యోగజీవితమంతయు వెళ్ళబుచ్చిన నాకు, చక్కగా కూర్చిన యంత్రము మీద మనసు పడుట యెట్టిదో తెలియును. మోజు నీది, లెక్క కొంత నేను చెప్పెదను.

ఒకప్పుడు అర్ధకోటి పలికిన బండి నేడు ఏడెనిమిది లక్షలకు వచ్చుచున్నదనగా, తక్కిన విలువనంతయు మొదటి యజమాని అనుభవించి విడిచెననియు, మిగిలిన సౌఖ్యము మనకు చౌకగా దక్కుచున్నదనియు తోచుట సహజమే. కాని ఏటేట తగ్గునది బండి అమ్మకపు ధర మాత్రమే. దానికి వేయవలసిన హెడ్‌లైటు, గేర్‌బాక్సు, సస్పెన్షను భాగముల ధరలు అది షోరూము నుండి వెలువడిననాటి అంతస్తునకు తగినట్లే నిలిచియుండి, కాలముతోపాటు ఇంకను హెచ్చుచుండును. ఏనుగు ముసలిదై అంగడిలో చౌకకు వచ్చినంత మాత్రమున దాని మేత తగ్గదు గదా! కనుక అట్టి కారును కొత్తదిగా కొన్నవాడు దాని పోషణకు వెచ్చించు సొమ్మును, వారంటీ యను అండ కూడ లేకుండ, నీ జీతములో నుండి వెచ్చించగలవో లేదో తేల్చుకొనిన పిమ్మటనే కొనుగోలు ధర మాట తలపెట్టుము. కొన్న ధరలో నాల్గవ వంతును మొదటి యేటి మరమ్మతులకని బ్యాంకులో వేరుగా నుంచలేనివాడు ఇట్టి కారు జోలికి పోరాదని నా అభిప్రాయము. ఆ సొమ్ము ఖర్చు కాకున్న అది అదృష్టము. ఆ అదృష్టమును ముందుగానే నమ్మి వాయిదాల మీద కొనుట అవివేకము.

ఢిల్లీలో ఆ బండ్లు అంత చౌకగా ఏల దొరకుచున్నవో నీకు తెలియకపోదు. పదేండ్లు నిండిన డీజిలు వాహనములు రాజధాని ప్రాంతమున తిరుగరాదని 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశింపగా, పదునైదేండ్లు నిండిన పెట్రోలు వాహనములను కూడ చేర్చి 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధమును అమలు చేయుమన్నది. 2025 ఆగస్టులో అదే న్యాయస్థానము యజమానులపై కఠినచర్యలు వలదని తాత్కాలికముగా ఉపశమనమిచ్చినను, గడువు దాపురించిన బండిని ముందే వదిలించుకొనవలెనను ఆత్రము అచ్చటివారికి తీరలేదు. అమ్మువాని ఆత్రము కొనువానికి లాభమే, ఒప్పుకొందును. ఐతే ఆ లాభములో కొంత భాగము మన రాష్ట్రపు సరిహద్దున కరగిపోవును. అచ్చటి రవాణా కార్యాలయము ఎన్‌ఓసీ ఇయ్యవలెను. పన్నెండు నెలలకు మించి ఇచ్చట ఉంచుకొనదలచిన బండికి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ననుసరించి ఇచ్చటి నంబరు, అనగా 2024 మార్చి నుండి వచ్చిన టీజీ నంబరు, తీసికొనవలెను. అప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టవలెను. బండి వయస్సు పెరిగినకొలది ఆ పన్ను శాతము తగ్గుమాట నిజమే కాని, ఆ శాతమును కట్టునది నీవిచ్చిన ధర మీద కాదు, బండి తొలినాటి ఇన్వాయిస్ మీద. విడిభాగములవలెనే ప్రభుత్వము కూడ దాని పుట్టినింటి ఐశ్వర్యమును మరువదు! పైగా రిజిస్ట్రేషను పదునైదేండ్లకే. పిదప ఐదేసి యేండ్లకొకమారు పరీక్ష చేయించి పొడిగించుకొనవలెను. ఇన్నియు కలిపి చూచినచో, హైదరాబాదులోనే ఒకే యజమాని చేతిలో నడచిన బండి, లక్ష రెండు లక్షలు ఎక్కువైనను, నాకు మేలుగా తోచుచున్నది.

ఇక దారి సంగతి. మియాపూర్ నుండి హైటెక్ సిటీలోని సైబర్ టవర్సునకు రోడ్డు వెంట పది కిలోమీటర్ల లోపే. మెట్రో మన గుమ్మము ముందే 2017 నవంబరులో మొదలైనను, హైటెక్ సిటీకి పోవువాడు అమీర్‌పేట దాక పోయి, బండి మారి, మరల పడమటికి రావలసియుండుటచేత, ఇచ్చటి కుర్రవారు కారుకో ద్విచక్రవాహనమునకో మొగ్గుచుందురు. ఆ మొగ్గినవారందరును ఉదయము తొమ్మిది గంటలకు ఆల్విన్ చౌరస్తాలో కలిసికొందురు. ఫ్రిజ్‌లు, గడియారములు, బస్సు బాడీలు చేసిన ఆ హైదరాబాద్ ఆల్విన్ సంస్థ, 1942లో పుట్టినది, కనుమరుగై ఎన్నో యేండ్లైనది. పేరు మాత్రము ట్రాఫిక్ వార్తలలో దినదినమును వినబడుచున్నది. అచ్చట నుండి హఫీజ్‌పేట వంతెన మీదుగా కొండాపూర్ చేరువరకు బండి నడచుటకంటె నిలుచుటయే అధికము. 2023 జనవరి 1న కొత్తగూడ ఫ్లైఓవర్ తెరచిన తరువాత ఆ చివర కొంత ఊపిరి ఆడుచున్నది, అంతే.

యంత్రముల మధ్య బ్రదికినవానిగా నేను నీకు ముఖ్యముగా చెప్పదలచినది ఇచ్చటనే యున్నది. కర్మాగారములో మేము టర్బైను వయస్సును అది తిరిగిన గంటలలో లెక్కించెడివారము. కారు వయస్సును లోకము కిలోమీటర్లలో లెక్కించును. రహదారి మీద గంటకు 60 కిలోమీటర్ల సగటున 9,000 కిలోమీటర్లు పోయిన బండి ఇంజను 150 గంటలు పనిచేసినట్లు. అదే దూరమును మన దారిలో గంటకు 15 కిలోమీటర్ల సగటున ఈడ్చుకొనిపోయినచో 600 గంటలు. ఓడోమీటరుకు రెండును ఒక్కటే. ఇంజను నూనెకు ఒక్కటి కాదు. యూరపు రహదారుల నుద్దేశించి వ్రాసిన సర్వీసు పుస్తకము పదునైదు, ఇరువది వేల కిలోమీటర్లకు నూనె మార్చుమన్నను, కారులోని కంప్యూటరు ఇంకను గడువున్నదని చూపినను, నీవు ఏడెనిమిది వేలకో, ఏడాదికో, ఏది ముందైన దానికి మార్చింపుము. ఇందులో అయ్యెడి ఖర్చు, టర్బోచార్జరు పోయినప్పుడు అయ్యెడిదానిలో లేశము.

ఈ దారియే డీజిలునకు ప్రతికూలము. 2020 ఏప్రిల్ నుండి అమలైన బీఎస్6 నిబంధనలతో ప్రతి డీజిలు కారునకును, అంతకు పూర్వపు జర్మను బండ్లలో కొన్నింటికిని, పొగలోని మసిని పట్టు డీపీఎఫ్ అను జల్లెడ కలదు. ఆ మసి తగులబడి జల్లెడ శుభ్రపడవలెనన్న ఇంజను బాగుగా వేడెక్కి కొంతసేపు నిలుకడగా వేగముతో నడవవలెను. మన దారిలో ఆ వేడి పుట్టకముందే ఆఫీసు సెల్లారు వచ్చును. కావున డీజిలునే కొందునన్నచో, వారమునకొకమారు పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, ఆ 158 కిలోమీటర్ల వలయములో కొంత మేర వేగపరిమితికి లోబడి నడపి రావలెను. దినమునకు ఇరువది కిలోమీటర్లు తిరుగువాడు డీజిలులో మిగుల్చుకొనునది ఎంత? పెట్రోలు బండియే నీకు తగినది. ఐతే 2023కు ముందు తయారైనవాటిలో చాల వరకు ఇరువది శాతము ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలును దృష్టిలో నుంచుకొని చేసినవి కావు గనుక, ఇంధనపు మూత లోపల ఏమి వ్రాసియున్నదో చూచి, పాత రబ్బరు గొట్టములను మెకానిక్కుచే పరీక్షింపజేయుము.

గేర్‌బాక్సు విషయమున కూడ ట్రాఫిక్కే తీర్పరి. స్కోడా, ఫోక్స్‌వాగన్ కార్లలో కొన్నింటనున్న ఏడు గేర్ల పొడి క్లచ్చు డీఎస్‌జీ రహదారి మీద ముచ్చటగా నడచునుగాని, అంగుళమంగుళము జరుగు వరుసలో దాని క్లచ్చులు వేడెక్కి అరుగును. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో 2012 నుండి వచ్చిన జెడ్‌ఎఫ్ వారి ఎనిమిది గేర్లది, మెర్సిడెస్ వారి ఏడు గేర్లది టార్క్ కన్వర్టరు జాతివి. ఇట్టి దారికి అవి ఓర్చుకొనును. వానిలోని నూనె జీవితకాలము మార్చనక్కరలేదని అమ్మకపువారు చెప్పుదురు. ఆ గేర్‌బాక్సు చేసిన జెడ్‌ఎఫ్ సంస్థయే 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల నడుమ మార్చుమనుచున్నది. ఎవరి మాట వినవలెనో చెప్పనక్కరలేదు. నీవు చూచెడి డీజిలు బీఎండబ్ల్యూ ఏదైనను 2015కు ముందుదైనచో మరియొక విచారణ కలదు: ఆనాటి ఎన్47 ఇంజనులో టైమింగ్ చైను గేర్‌బాక్సు వైపున, ఇంజను వెనుకభాగమున నుండును; తొలి సంవత్సరముల బండ్లలో అది సాగి తెగుట తెలిసిన వ్యాధి; దానిని మార్చుట ఇంజనునో గేర్‌బాక్సునో దింపవలసిన పని. చల్లని ఇంజనును తెల్లవారుజామున స్టార్టు చేయించి, వెనుకవైపు గరగర విననగునేమో చెవియొగ్గి వినుము.

తక్కువ తిరిగిన బండియని అమ్మువాడు గర్వముగా చెప్పినపుడు చౌమహల్లా ప్రాసాదమునకు పోయి అచ్చటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూచి రమ్మని నాకు చెప్పబుద్ధియగును. నిజాము మహబూబ్ అలీ పాషా కోరి చేయించుకొని, అది చేతికి రాకముందే 1911లో గతించిన ఆ 1912 నాటి బండి కొన్ని వందల మైళ్ళకు మించి తిరుగలేదు. ఐనను దశాబ్దములపాటు కదలక పడియున్న దానిని మరల ప్రదర్శనకు తగినట్లు చేయుటకు పూర్తిగా పునరుద్ధరింపవలసివచ్చినది. కదలని బండిలో రబ్బరు ఎండును, సీళ్ళు బిగుసుకొనును, బ్యాటరీ చచ్చును. కావున ఏటేట నిలుకడగా పదివేలు తిరిగి, ప్రతి సర్వీసునకు రసీదు గల బండిని, పదేండ్లలో ఇరువది వేలు తిరిగినదని చెప్పెడి దానికంటె మేలుగా నెంచుము. ఆ ఇరువది వేలు నిజమో కాదో కూడ చూడవలెను. ఈ కార్లలో తిరిగిన దూరము మీటరులోనే కాక ఇతర కంప్యూటర్లలోను నమోదగును గనుక, మంచి స్కానరు గల మెకానిక్కు ఆ అంకెలను సరిపోల్చి చూపగలడు.

నీళ్ళలో మునిగిన బండి అన్నిటికంటె ప్రమాదకరము. 2015 డిసెంబరులో చెన్నై మునిగినపుడును, 2020 అక్టోబరులో మన నగరము మునిగినపుడును, సెల్లార్లలో నిలిపిన ఖరీదైన కార్లెన్నో నీట నానినవి; తుడిచి మెరుగుపెట్టిన పిదప పైకి కొత్తవానివలె కనబడును. సీటు బెల్టును చివరిదాక లాగి బురదచార కలదేమో చూడుము. కార్పెట్టు ఎత్తి సీటు పట్టాల బోల్టులకు త్రుప్పు పట్టినదేమో చూడుము. స్టెప్నీ గుంటలో చేయిపెట్టి తడుముము. స్టెప్నీయే లేనిచో అనుమానపడకుము, చాల బీఎండబ్ల్యూలు రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చునవి గనుక దానిని ఇయ్యరు. ఆ టైర్లు గట్టివగుటచేత మన కాలనీ స్పీడ్‌బ్రేకర్లపై నడుము దెబ్బతినునది నీదే. టైరు ప్రక్కన నాలుగంకెలుండును: మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. ఆరేండ్లు దాటినచో, అరుగుదల లేకున్నను, నాలుగింటి ధరను బేరములో తగ్గింపుము.

కొన్న తరువాత కంపెనీ సర్వీసు కేంద్రమునకే పోవలెనను నియమము నాకు లేదు. వారంటీ తీరిన బండికి ఒకే జాతి కార్లను చూచెడి స్వతంత్ర గ్యారేజీ చాలును. ఐతే ఆ గ్యారేజీవాడు పాత భాగమును నీ చేతికిచ్చి, కొత్తదాని పెట్టెను నీ కన్నుల ఎదుట విప్పవలెను. ఇచ్చటి ఎండలకు కూలెంటు గొట్టములు, థర్మోస్టాటు ప్లాస్టిక్కు పెళుసెక్కును. అవి విరిగి ఇంజను వేడెక్కినచో మొదటికే మోసము. వేడి సూచిక ఎర్రని గీతకు ఎగబ్రాకుచున్నచో, వెనుకనున్నవారు ఎంత హారను మ్రోగించినను, అక్కడనే ప్రక్కకు తీసి ఆపివేయుము. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చును గనుక రెండేండ్లకొకమారు మార్చింపుము.

కాగితముల సంగతి క్లుప్తముగా: ఆర్‌సీలో బ్యాంకు అప్పు నమోదు రద్దైనదో, పాత చలానాలు తీరినవో చూడుము, బీమా పాలసీని నీ పేరునకు మార్చుమని పదునాలుగు దినములలో కంపెనీకి వ్రాయుము, అమ్మినవాని నో క్లెయిమ్ బోనస్ వానితోనే పోవును. ఈ వయస్సు బండ్లకు జీరో డిప్రిసియేషను పాలసీ దొరకుట కష్టము. అది లేనిచో రబ్బరు, ప్లాస్టిక్కు భాగముల ధరలో సగము నీవే భరింపవలెను. నేటి బంపర్లన్నియు ప్లాస్టిక్కే సుమా. వరదనీరు ఇంజనులోనికి చొరబడినప్పటి నష్టమునకు వేరుగా ఇచ్చు రక్షణను, దొరకినచో, తప్పక తీసికొనుము. గట్టివాన కురియు దినమున కారు తీయక మెట్రోలో అమీర్‌పేట మీదుగానే పొమ్ము; ఆలస్యమైనను బట్టలు తడియవు, ఇంజనును తడియదు.

మీ అపార్ట్‌మెంటు సెల్లారు దారి ఏటవాలు ఎక్కువ, మలుపు ఇరుకు. నిన్న సాయంకాలము నేను టేపు పట్టుకొని కొలిచితిని. పొడవైన సెడాను అడుగుభాగము ఆ గట్టునకు తగులునని నా అనుమానము; వాచ్‌మన్ కూడ అదే చెప్పినాడు. నీవు మెచ్చిన బండి చాసిస్ నంబరు, దాని సర్వీసు రసీదుల ఛాయాచిత్రములు పంపుము. బయానా ఇయ్యవలదు, నా బదులు చేరువరకు ఆగుము.

ఇట్లు,
నీ పెదనాన్న