టికెట్టు సొమ్ము చెల్లించుటకు ముందు

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగము చేయుచున్న మా అబ్బాయికి కారు అతివేగముగా నడిపినందుకు టికెట్టు వచ్చినది. ఇక్కడ ఈ-చలానా కట్టినట్లు వెంటనే కట్టివేయవచ్చునా? ఆన్‌లైన్ పాఠము చదివిన కేసు పోవునని అతని మిత్రులనుచున్నారట, నిజమేనా?
— ఒక తండ్రి, ఆదిలాబాద్

జవాబు: అయ్యా, తొందరపడి సొమ్ము చెల్లింపవలదని అబ్బాయికి నేడే చెప్పుడు. మన యొద్ద ఈ-చలానా కట్టినచో సాధారణముగా వ్యవహారము ముగియును గాని, టెక్సాస్‌లో ఆ చెల్లింపు దోషమును అంగీకరించుటతో సమానమై, అతని డ్రైవింగ్ రికార్డులో నమోదై, బీమా రుసుము పెరుగుటకు హేతువు కాగలదు.

మిత్రులు చెప్పినది నిజమే. టికెట్టుపై ముద్రించిన హాజరు తేదీ దాటకముందే, టెక్సాస్ లైసెన్సును, బీమా పత్రమును చూపి, డిఫెన్సివ్ డ్రైవింగ్ పాఠమునకు కోర్టు అనుమతి కోరవలెను. గడచిన 12 నెలలలో మరియొక టికెట్టుకై ఈ సౌకర్యమును వాడుకొని యుండరాదు. అనుమతి లభించిన పిమ్మట కోర్టు రుసుము చెల్లించి, 90 దినములలో, రాష్ట్రము ఆమోదించిన 6 గంటల పాఠమును ముగించి, ధ్రువపత్రమును, డ్రైవింగ్ రికార్డు ప్రతిని సమర్పించినచో కేసు కొట్టివేయబడును. అనుమతికి ముందే పాఠము కొనవలదు. ముందు వాహనమునకు ఎంత ఎడముండవలెనో, అలసట చూపును ఎట్లు మందగింపజేయునో తెలిపెడి ఆ పాఠమును కేవలము పత్రముకొరకు గాక, శ్రద్ధతో వినవలెనని నా ప్రార్థన.

వేగము పరిమితిని 25 మైళ్లు గాని అంతకు మించి గాని దాటినను, కార్మికులు పనిచేయుచున్న రహదారి స్థలములో టికెట్టు పడినను ఈ మార్గము లేదు. అట్టి యెడల, లేదా హాజరు తేదీ గడచిపోయిన యెడల, ఆలసింపక అచటి ట్రాఫిక్ కేసుల న్యాయవాదిని స్వయముగా సంప్రదింపవలెను.