స్పార్క్లింగ్ వైన్ సీసా ఇంటికొస్తే: చేయవలసినవి - చేయకూడనివి

ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లోని తెలుగు ఇళ్లకు దీపావళి కానుకగానో, కొత్త సంవత్సరం విందుకోసమో స్పార్క్లింగ్ వైన్ సీసా వచ్చి చేరుతుంటుంది. ఈ సీసాలో ఒత్తిడి ఐదారు అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. కారు టైరులోని గాలి ఒత్తిడికి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. అదుపు తప్పిన బిరడా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దూసుకురాగలదు. కొన్నవారు, కానుకగా అందుకున్నవారు, వంటలో వాడేవారు ఈ సూచనలను తప్పక పాటించండి. ఇంట్లో ఎవరూ తాగకపోతే సీసాను మర్యాదగా తిరిగి ఇచ్చేయండి.

చేయవలసినవి

• లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనండి; బిల్లు అడిగి తీసుకోండి.

• ఎక్సైజ్ స్టిక్కరు, మూతి మీది రేకు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూడండి.

• వయసు నిబంధన పాటించండి: ఢిల్లీలో 25 ఏళ్లు, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో 21 ఏళ్లు నిండాలి.

• మెట్రోలో మనిషికి రెండు సీసాలకు మించకుండా, సీలు తీయకుండా తీసుకెళ్లండి. 2023 జూన్ నుంచి అనుమతి అంతవరకే.

• రాష్ట్రం సరిహద్దు దాటేముందు అవతలి రాష్ట్రం ఎక్సైజ్ పరిమితి తెలుసుకోండి. మెట్రో అనుమతి ఆ చట్టానికి మినహాయింపు కాదు.

• లేబుల్ చదివి చక్కెర అంచనా వేసుకోండి: ‘బ్రూట్’ అంటే లీటరుకు 12 గ్రాములలోపు, ‘డెమీ సెక్’ అంటే 32 నుంచి 50 గ్రాములు.

• కేలరీలు లెక్కలో వేసుకోండి: 150 మి.లీ. గ్లాసులో దాదాపు 120 కిలో కేలరీలు, అందులో వందదాకా ఆల్కహాల్ నుంచే.

• ఉబ్బసం ఉన్నవారు లేబుల్ మీద ‘సల్ఫైట్లు’ అన్న మాట కోసం వెతకండి. అవి కొందరిలో ఆయాసం తెప్పిస్తాయి.

• సీసాను చీకటిగా, చల్లగా, కుదుపు లేనిచోట ఉంచండి. 10 నుంచి 15 డిగ్రీలు మేలు.

• మే, జూన్ నెలల్లో ఫ్రిజ్ లోపలి అరలోనే పెట్టండి. ఆ ఎండల్లో ఢిల్లీ ఇంట్లో ఏ అలమరా చల్లగా ఉండదు.

• అట్టపెట్టెతో వచ్చిన సీసాను పెట్టెలోనే ఉంచండి. వెలుతురు తగిలితే రుచి చెడుతుంది.

• తెరిచేముందు కనీసం మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి 7 డిగ్రీలకు చల్లబరచండి. వెచ్చటి సీసా బిరడాను ఎక్కువ బలంతో నెడుతుంది.

• కరెంటు పోయి ఫ్రిజ్ వెచ్చబడితే, సీసా మళ్లీ బాగా చల్లబడేదాకా ఆగండి.

• పిల్లలను పక్క గదిలోకి పంపి తెరవండి.

• సీసాను 45 డిగ్రీలు వంచి, మనుషులు, కిటికీ అద్దాలు, ట్యూబులైటు లేని వైపుకు తిప్పి పట్టుకోండి.

• బిరడా మీద తువ్వాలు కప్పండి. బిరడాను బిగించి ఉంచే తీగను ఆరు అరచుట్లు తిప్పి వదులుచేయండి.

• తీగ వదులైన క్షణం నుంచి బొటనవేలిని బిరడా మీద నొక్కి ఉంచండి. ఎక్కువ ప్రమాదాలకు అవకాశం ఇక్కడే.

• బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పండి. నిట్టూర్చినంత చప్పుడుతో రావాలి.

• కంటికి దెబ్బ తగిలితే కాగితపు కప్పును నొక్కకుండా ఆనించి, వెంటనే ఎయిమ్స్‌లోని డాక్టర్ రాజేంద్రప్రసాద్ నేత్ర కేంద్రానికో, దగ్గరలోని కంటి అత్యవసర విభాగానికో తీసుకెళ్లండి.

• తెరిచిన సీసాకు స్పార్క్లింగ్ వైన్ కోసమే చేసిన బిగింపు మూత పెట్టి, ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మూడు రోజుల్లో ముగించండి.

• గ్యాస్ పోయిన వైన్‌ను వంటకు వాడండి. చేప, రొయ్యల సాస్‌కు, బేరిపండ్లు ఉడికించడానికి అది చాలు.

• వైన్ పోసేముందు పొయ్యి ఆపండి. పోసి కలిపాక మళ్లీ వెలిగించండి.

• స్టీలు, గాజు, ఎనామిల్ గిన్నెలే వాడండి. వైన్‌లోని ఆమ్లం కొన్ని ఇతర లోహాలను కరిగిస్తుంది.

• వైన్ వేసే వంటలో నిమ్మరసం, చింతపండు తగ్గించండి.

• వేపుడు పిండిలో చల్లటి వైన్‌ను చివరగా కలిపి వెంటనే వేయించండి. నిలవ ఉంచితే బుడగలు పోయి పిండి గట్టిపడుతుంది.

• వైన్ వేసిన వంటకం పక్కన చీటీ పెట్టండి. వడ్డించే ముందు నోటితో కూడా చెప్పండి.

• విందు ముగిసిన రాత్రే గ్లాసుల్లో మిగిలినది పారబోయండి. తెల్లవారాక పిల్లలు కూల్‌డ్రింక్ అనుకుని తాగవచ్చు.

• పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి, మీద ‘గాజు’ అని హిందీలో రాసి, చెత్త తీసుకెళ్లేవారి చేతికి విడిగా ఇవ్వండి.

• ఖాళీ సీసా లేబుల్ చింపేసి కబాడీవాలాకు ఇవ్వండి. లేబుల్ ఉన్న సీసాలు నకిలీ సరుకుకు పనికొస్తాయి.

చేయకూడనివి

• ఆరోగ్యం కోసమని తాగడం మొదలుపెట్టకండి. ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

• ‘ఎక్స్‌ట్రా డ్రై’ అని చూసి చక్కెర లేదనుకోకండి. అందులో బ్రూట్ కంటే ఎక్కువే, లీటరుకు 12 నుంచి 17 గ్రాములు ఉంటుంది.

• ఎండలో ఆపిన కారులో, డిక్కీలో సీసాను వదిలి వెళ్లకండి.

• అటక మీద, గ్యాస్ పొయ్యి పక్కన, బాల్కనీలో దాచకండి.

• ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోకండి; గడ్డకడితే సీసా పగిలి గాజు ముక్కలు తిండిలో పడతాయి.

• తెరిచేముందు సీసాను ఊపకండి. సినిమాల్లో చూసినట్టు నురగ చిమ్మించకండి.

• సీసా మూతి మీదుగా ముఖం వంచకండి.

• బిరడా రాలేదని సాధారణ వైన్ కార్క్‌స్క్రూ గుచ్చకండి. తీగ మళ్లీ బిగించి, సీసాను చల్లబరిచి తిరిగి ప్రయత్నించండి.

• కత్తితో సీసా మెడ నరకకండి.

• దెబ్బ తగిలిన కన్ను నలపకండి, కడగకండి, చుక్కల మందు వేయకండి.

• తెరిచిన సీసాలో చెంచా నిలబెట్టి గ్యాస్ ఆగుతుందని నమ్మకండి, అది ఆగదు.

• బుడగలున్న వైన్‌ను మిక్సీ జారులో వేసి మూత పెట్టకండి, మూత ఎగిరిపోతుంది.

• ప్రెషర్ కుక్కర్‌లో వైన్ పోయకండి. విజిల్‌తో వచ్చే ఆవిరిలో ఆల్కహాల్ ఉంటుంది, కింద మంట ఉంటుంది.

• కాగే నూనెలో వైన్ పోయకండి.

• హోటళ్లలో చేసినట్టు మూకుడులో మంట లేపకండి. చిమ్నీలో పేరుకున్న జిడ్డు అంటుకుంటుంది.

• కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో వండకండి. అల్యూమినియం గిన్నెలో నిలవ ఉంచకండి.

• ఉడికితే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందని అనుకోకండి. చాలా ఇళ్లలో పాతుకుపోయిన పొరపాటు ఇదే. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 15 నిమిషాలు ఉడికినా 40 శాతం, గంట ఉడికినా 25 శాతం, రెండున్నర గంటలకూ 5 శాతం మిగులుతుంది.

• దించేముందు పోసిన వైన్‌ను వండినట్టు లెక్కవేయకండి. 85 శాతం అలాగే ఉంటుంది.

• వైన్ వేసిన వంటను పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పెట్టకండి.

• తాగుడు మానుకున్నవారికి, మతనియమంగా తాగనివారికి చెప్పకుండా వడ్డించకండి, ఇది నమ్మకద్రోహం.

• మెట్రోనిడజోల్, నిద్రమాత్రలు, మధుమేహం మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ముట్టుకోకండి.

• ఖాళీ కడుపుతో తాగకండి. బుడగల వల్ల మత్తు త్వరగా ఎక్కవచ్చు.

• ఒక్క గ్లాసే కదా అని బండి తీయకండి; 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల జైలు దాకా పడవచ్చు.

• పార్కులో, రోడ్డు పక్కన, ఆపిన కారులో తాగకండి. ఢిల్లీ ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం.

• బిహార్‌కో, గుజరాత్‌కో వెళ్లే రైల్లో సీసా తీసుకెళ్లకండి. అక్కడ మద్యనిషేధం ఉంది.

• జనవరి చలిలో ఒళ్లు వెచ్చబడుతుందని తాగకండి; చర్మానికి రక్తం చేరి శరీరం ఇంకా త్వరగా చల్లబడుతుంది.

• తాగి, తలుపులు మూసి, అంగీఠీ (బొగ్గుల కుంపటి) వెలిగించి పడుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, మత్తులో మెలకువ రాదు.

• స్పృహ తప్పినవారికి కాఫీ, మజ్జిగ పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

• వాంతులు చేసుకుని పడిపోయినవారిని వెల్లకిలా పడుకోబెట్టకండి; పక్కకు తిప్పి, 112కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఒంటరిగా వదలకండి.